నాలుకకు తెలియని దోషము

చెరువు త్రవ్వించుటను సప్తసంతానములలో ఒకటిగా ఎంచిన జాతి మనది. కొడుకును కన్నవాని పేరు ఎట్లు నిలుచునో, పదిమందికి నీరిచ్చినవాని పేరును అట్లే నిలుచునని పెద్దలు విశ్వసించిరి. కడప జిల్లా పోరుమామిళ్లలోని క్రీ.శ. 1369 నాటి శాసనము ఇందుకు సాక్ష్యము. విజయనగర ప్రభువు బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు నిర్మింపజేసిన చెరువును వర్ణించుచు, మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము పేర్కొన్నది. చవుడు నేల ఆ దోషములలో నొకటి. నేల గుణము నీటికి అబ్బునని ఆనాటివారు ఎరుగుదురన్నమాట. కాని నాలుకకు తెలియని దోషమొకటి తెలుగునేల రాళ్లలోనే దాగియున్నదని, మరి ఐదున్నర శతాబ్దములు గడచినగాని బయటపడలేదు.

అది మొదట బయటపడినది నెల్లూరు జిల్లాలో. అప్పుడు ఆ జిల్లా మద్రాసు రాష్ట్రమునకు చెందియుండెను. పెన్న నీరందని మెట్ట తాలూకాలలో త్రాగుటకు ఊరిబావియే దిక్కు. బావినీరు తేటగానే యుండెడిది. కాని ఆ నీరు త్రాగి పెరిగిన పిల్లల పండ్లపై గోధుమవన్నె చారలు తేలెడివి. నడివయస్సు రాకమునుపే వెన్ను బిగిసి, మెడ త్రిప్పుటయు నడుము వంచుటయు అసాధ్యమయ్యెడిది. దుక్కిటెద్దులు సైతము కీళ్లు పట్టి నడువలేకపోయెడివి. వాతమనియో, పూర్వకర్మమనియో సరిపెట్టుకొనుట తప్ప రైతునకు వేరు దారి లేకుండెను.

నీటిలోని ఫ్లోరైడు వలన పండ్లు చారలు కట్టునని అమెరికా శాస్త్రజ్ఞులు 1931లో కనుగొనిరి. 1937లో మద్రాసు గిండీ నందలి కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు షార్టు, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి గారలు నెల్లూరు జిల్లా వ్యాధికిని ఇదియే మూలమని నిరూపించి, ఆ వ్యాసమును ప్రకటించిరి. పండ్లతో ఆగక ఎముకలను గూడ అది పట్టుచున్నదని లోకమునకు తెలిసినది. ఈ పండిట్ గారే తరువాత భారత వైద్యపరిశోధనా మండలికి తొలి డైరెక్టరైరి. నాటి మెట్ట తాలూకాలలో పెక్కు 1970లో ఏర్పడిన ప్రకాశము జిల్లాలో చేరినవి.

ఈ దోషమునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చును. వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు సహింపవచ్చునని భారత ప్రమాణము. ఆ హద్దు దాటిన నీరు ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు ముదిరి, కీళ్లచుట్టు నున్న నరములవంటి కట్లు రాయివలె గట్టిపడును. కాచి త్రాగినను లాభము లేదు. ఆవిరియై పోవునది నీరేకాని ఫ్లోరైడు కాదు. మిగిలిన నీటిలో అది మరింత చిక్కనగును.

నెల్లూరు కథయే కృష్ణకు ఆవలనున్న నల్లగొండలోను నడచినది. అచ్చటి నల్లరాతి నేలలలో ఫ్లోరైడు గల ఖనిజములు మెండు. వాన తక్కువ. రాతిపొరలలో దీర్ఘకాలము నిలిచిన నీరు ఆ ఖనిజములను కరగించుకొనును. హైదరాబాదు రాష్ట్రమునకు చెందిన ఈ జిల్లాలోని వ్యాధిని గూర్చి సిద్దిఖీ అను వైద్యుడు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో సవిస్తరముగా వ్రాసెను. అదే సంవత్సరము డిసెంబరు 10వ తేదీన, అదే జిల్లా సరిహద్దున, కృష్ణానదిపై నాగార్జునసాగరమునకు ప్రధాని నెహ్రూ శంకుస్థాపన గావించెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. పైరునకు నది నీరు అందినది. ఎగువ మెట్టన నున్న పల్లెల కుండలలోనికి మాత్రము అది రాలేదు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి గారలు, ఫ్లోరైడు పల్లెలలో ఎదిగే వయసు పిల్లలకు మోకాళ్లు లోనికి వంగిపోవు వైకల్యము వచ్చుచున్నదని లాన్సెట్ పత్రికలో వెల్లడించిరి.

ప్రభుత్వము ఊరక కూర్చున్నదనుటకు వీలులేదు. 1954లో జాతీయ నీటిసరఫరా కార్యక్రమము, 1972-73లో త్వరిత గ్రామీణ పథకము, 1986లో త్రాగునీటి టెక్నాలజీ మిషను వరుసగా వచ్చినవి. బోరుబావులు వేలకొలది పడినవి. దిగుడుబావులను విడిచి బోరునీటికి మరలుటవలన కలరా తగ్గుటకు సాయమైనది. నారికురుపు దేశమునుండియే తొలగిపోయినట్లు 2000లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువపరచినది. ఇది చిన్న విజయము కాదు. కాని క్రిములు లేని ఆ లోతు నీటిలోనే అనేకచోట్ల ఫ్లోరైడు హెచ్చు. ఊరికొక బోరు పడినదా అను లెక్క సరిపోయినచోట, ఆ బోరులో ఏమున్నదను ప్రశ్న మిగిలిపోయినది.

ఆ ప్రశ్నకు నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకమున ఒక సమాధానము చెప్పినది. నీటిలో సున్నము, పటిక, బ్లీచింగు పౌడరు తగు పాళ్లలో కలిపి, బాగుగా త్రిప్పి తేర్చినచో, ఫ్లోరైడు మడ్డితో అడుగునకు దిగును. పైతేట త్రాగవచ్చును. దీనికి 'నల్లగొండ పద్ధతి' యని పేరు. ఒక జిల్లా దుఃఖము శాస్త్రమున ఒక పేరుగా నిలిచినది. 1980లో అనంతపురము జిల్లా కదిరిలో ఈ పద్ధతిని ఊరంతటికిని నీరు శుద్ధిచేయుటకు వాడిరి. అయితే పాళ్లు తప్పరాదు, మడ్డిని దూరముగా పారవేయవలెను, ఈ పని దినదినము చేయవలెను. కూలికి పోయి ప్రొద్దుగూకినవేళ ఇల్లు చేరు తల్లికి ఇది నిత్యవ్రతము వంటిది. ఆ భారమును ఆమెపై మోపుట కంటె, మంచి నీటినే ఆమె గడపకు తెచ్చుట మేలు.

ఆ పని ఆలస్యముగానైనను జరిగినది. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట నదీజలములను శుద్ధిచేసి ఇంటింటికి గొట్టముల ద్వారా పంపు మిషన్ భగీరథ పథకమునకు 2015 జూన్‌లో నల్లగొండ జిల్లా చౌటుప్పలున స్తంభము నెలకొల్పిరి. 2016 ఆగస్టు 7న గజ్వేలు సమీపమున దాని తొలి భాగము ప్రారంభమైనది. 2019లో కేంద్రము చేపట్టిన జల్ జీవన్ మిషను, పల్లెలో ప్రతి యింటికి కుళాయియు, మనిషికి దినమునకు 55 లీటర్ల నీరును లక్ష్యముగా పెట్టుకొన్నది.

1937 మొదలు 2016 వరకు డెబ్బది తొమ్మిదేండ్లు. వ్యాధికి పేరు పెట్టుటకు ఒక ప్రయోగశాల చాలినది. నీరు గడప చేరుటకు మూడు తరములు పట్టినది. నది నీరు వచ్చినపిదప పుట్టిన పిల్లల పండ్లు తెల్లగా మెరయవచ్చును. వంగిన వారి వెన్ను మాత్రము ఇక నిటారు కాదు. నీరు పల్లమెరుగును అని సామెత. మెట్టనున్న పల్లెకు తనంతట తానుగా అది రాదు, మనుష్యులు తేవలెను. పోరుమామిళ్ల శాసనకర్త నేడుండి తన దోషముల పట్టికను తిరుగ వ్రాసినచో, ఆరింటికి మరి రెండు చేర్చవలసియుండును. ఒకటి, నాలుకకు తెలియని దోషము. రెండవది, తెలిసిన తరువాతను చేసిన ఆలస్యము.