రాత్రి రేడియో ఎందుకు మునిగి తేలుతుంది?

రాత్రి ఎనిమిది దాటాక శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో రేడియో పెడితే 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ కేంద్రం తొణక్కుండా పలికేది. ముల్లు కొంచెం జరిపి 837 దగ్గర ఆపితే విజయవాడ. అది 100 కిలోవాట్ల కేంద్రం. అయినా వార్తలు చదివే గొంతు కాసేపు చెవి పక్కనే ఉన్నట్టుండి, అంతలోనే బావిలోకి దిగిపోయేది. సెల్స్ అయిపోయాయనుకుని రేడియో వీపు మీద రెండు దెబ్బలు వేసేవాళ్లు. పాపం, రేడియో తప్పేమీ లేదు.

పగటిపూట ఎండకు ఆకాశంలో పుట్టే డి పొర మీడియం వేవ్ తరంగాలను పైకి పోనివ్వకుండా మింగేస్తుంది. పొద్దుగూకగానే ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగాలు నూరు కిలోమీటర్లు, ఆపైన ఉన్న అయనోస్ఫియర్ (విద్యుదావేశం నిండిన ఎగువ గాలి) పొరలకు తగిలి కిందికి దిగుతాయి. అలా దిగిన తరంగమూ, నేల వెంట నీరసంగా వచ్చిన తరంగమూ ఒకే ఏరియల్ మీద కలుస్తాయి. విజయవాడ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. రెండు దారుల మధ్య తేడా అందులో సగం ఎక్కువైనా తక్కువైనా, కలిసి పలికినవి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అందుకు ఎక్కడో పైనున్న ఆ పొర నూటయాభై మీటర్లు అటో ఇటో కదిలితే చాలు. పైగా ఒక్కోసారి ప్రసారంలోని అసలు తరంగం మాత్రమే పడిపోయి, దాని పక్క తరంగాలు మిగులుతాయి. మాట వినబడుతూనే ఉంటుంది కానీ ముక్కలు ముక్కలుగా, గరగరమంటూ ఉంటుంది.

రాత్రికీ పగటికీ ఉన్న ఈ తేడా 1902లోనే మార్కోనీకి ఎదురైంది. ఫిలడెల్ఫియా అనే ఓడలో అట్లాంటిక్ దాటుతుంటే పగలు సుమారు 1,100 కిలోమీటర్ల దాకా అందిన సంకేతాలు, రాత్రి 3,300 కిలోమీటర్లు దాటి వచ్చాయి. కారణం ఆయనకు తెలియలేదు. 1924 డిసెంబర్‌లో ఎడ్వర్డ్ యాపిల్టన్, మైల్స్ బార్నెట్ బోర్న్‌మత్‌లోని బీబీసీ ట్రాన్స్‌మిటర్ ఫ్రీక్వెన్సీని మెల్లగా మార్పించారు. సంకేతం ఎన్నిసార్లు లేచి పడిందో ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కపెట్టి పొర ఎత్తు తేల్చారు. శ్రోతలు విసుక్కునే ఆ ఊగిసలాటనే కొలబద్దగా వాడుకోవడం ఎంత తెలివైన పని! యాపిల్టన్‌కు 1947లో నోబెల్ వచ్చింది.

ఆ కొలబద్దను తెలుగునేల మీద బాగా వాడినవారు వాల్తేరు వాళ్లు. 1949లో ఎస్.ఎన్. మిత్రా ప్రచురించిన పద్ధతి ఒకటుంది. నేల నుంచి నిట్టనిలువుగా తరంగాలను పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని కాస్త ఎడంగా త్రిభుజంలో నిలిపిన మూడు ఏరియల్స్‌తో పట్టాలి. మూడింటిలోనూ హెచ్చుతగ్గులు దాదాపు ఒకేలా ఉంటాయి, కానీ ఒకదాని వెనక ఒకటి సెకను ముందూ వెనకగా వస్తాయి. ఆ ఆలస్యాన్ని బట్టి పైపొర ఎటు, ఎంత వేగంతో కదులుతోందో లెక్కకట్టవచ్చు. ఆంధ్రా యూనివర్సిటీలో ప్రొఫెసర్ బి. రామచంద్రరావు, ఆయన విద్యార్థులు వాల్తేరు మీది అయనోస్ఫియర్ కదలికలను ఇలాగే కొలిచారు. మన విజ్ఞాన చరిత్ర రాసేటప్పుడు సీవీ రామన్ పేరు వంద సార్లు వస్తుంది, ఈ పని మాత్రం పాఠ్యపుస్తకాలకు ఎక్కలేదు.

హామ్‌లకు, అంటే అమెచ్యూర్ రేడియో వాళ్లకు, ఈ ఊగిసలాట నిత్యం ఎదురయ్యే తలనొప్పి. వాళ్ల పరిభాషలో దీని పేరు క్యూఎస్‌బీ. 1983లో హైదరాబాద్‌లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో నుంచి వచ్చిన భారతీ ప్రసాద్ బృందం 2004 సునామీలో అండమాన్ నుంచి కబుర్లు అందించింది. అదంతా షార్ట్ వేవ్ ముచ్చట. అంతకంటే కిందున్న 160 మీటర్ల బ్యాండ్ మీద దూరదేశాలను పట్టాలంటే ఓపిక కావాలి. చలికాలం రాత్రులు, ముఖ్యంగా పొద్దువాలే వేళ, తెల్లవారే వేళ సంకేతం లేచి పడుతుంది. అందుకే మాటలు కాకుండా మోర్స్‌లో ఒకే కాల్‌సైన్‌ను పదేపదే పంపుతారు. ఒకసారి పోయిన అక్షరం మరోసారి దొరుకుతుంది. ఆ బ్యాండ్‌కు సరైన నిలువు ఏరియల్ నలభై మీటర్లు ఉండాలి. విమానాశ్రయం దరిదాపుల్లో అంత ఎత్తు నిలబెట్టాలంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి తప్పదు. కాబట్టి విమానాశ్రయం ఉన్న శంషాబాద్ దిక్కున స్థలం దొరికినా తంటాలు తప్పవు.

అదే అయనోస్ఫియర్ ఇప్పుడు విమానాలనూ వదలడం లేదు. దేశపు దక్షిణ కొస మీదుగా అయస్కాంత భూమధ్యరేఖ పోతుంది. దానికి ఉత్తరాన, పైపొర అత్యంత దట్టంగా ఉండే పట్టీకి దక్షిణాన హైదరాబాద్ పడింది. పొద్దుపోయాక ఇక్కడి పైపొరలో బుడగల్లాంటి ఖాళీలు లేస్తాయి. 1,575 మెగాహెర్ట్జ్ జీపీఎస్ సంకేతం కూడా వాటిలోంచి వస్తూ మినుకుమినుకుమంటుంది. మార్చి, సెప్టెంబర్ ప్రాంతాల్లో మరీ ఎక్కువ. విమానాల కోసం జీపీఎస్‌ను సరిదిద్దేందుకు ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ వ్యవస్థకు తలకు మించిన చిక్కు ఇదే. దానికి 2015లో ల్యాండింగ్ దశకు అనుమతి వచ్చింది. అయితే 2008లో మొదలైన శంషాబాద్ విమానాశ్రయంలో రన్‌వే పక్కనే నేల మీదున్న ఐఎల్‌ఎస్ (ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ సిస్టమ్) కూడా పనిచేస్తుంది. దాని సంకేతం అయనోస్ఫియర్ దాకా వెళ్లి రావాల్సిన పనే లేదు.