కారణాలు లేని అవార్డు నిలవదు

జగదల్‌పూర్ నుంచి కోంటా వెళ్లే దారిలో ఒక రోడ్డు పని మధ్యలో ఆగిపోయిందనుకుందాం. పొక్లెయిన్ మూడు నెలలు ఖాళీగా నిలిచిందని, ఆ నష్టం ఇప్పించాలని కాంట్రాక్టర్ అంటాడు. స్థలం సకాలంలోనే అప్పగించామని శాఖ అంటుంది. ఈ పేచీని తేల్చేవారు తీర్పు ఎలా రాయాలి?

రాష్ట్ర ప్రభుత్వంతో కుదిరిన నిర్మాణ ఒప్పందం కనుక ఇది సివిల్ కోర్టుకు వెళ్లదు. రాయ్‌పూర్‌లోని ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ ముందుకు వెళుతుంది. ఉమ్మడి మధ్యప్రదేశ్ 1983లో చేసిన చట్టమే 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడిన తరువాత కూడా ఇక్కడ అమలులో ఉంది. ట్రిబ్యునల్ తన అవార్డుకు కారణాలు చెప్పాలని ఆ చట్టం ఆదేశిస్తోంది. దానిపై బిలాస్‌పూర్‌లోని హైకోర్టులో రివిజన్ వేసుకోవచ్చు. ప్రైవేటు సంస్థల మధ్య ఆర్బిట్రేషన్‌కు 1996 నాటి కేంద్ర చట్టం వర్తిస్తుంది.

కారణాలు చెప్పాలన్న నియమం అన్నిచోట్లా మొదటినుంచీ లేదు. ఇందుకు సంబంధించిన ప్రధాన వ్యాజ్యం రాయ్‌పూర్ పేరుతోనే ఉండటం విశేషం. రాయ్‌పూర్ డెవలప్‌మెంట్ అథారిటీకి, చోఖామల్ కాంట్రాక్టర్స్‌కు మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1989లో తీర్పు చెప్పింది. ఒప్పందం కోరితే తప్ప, కారణాలు లేవన్న ఒక్క సాకుతో అవార్డును కొట్టివేయరాదన్నది దాని సారాంశం. అప్పటికి అమలులో ఉన్నది 1940 నాటి చట్టం. అయితే ప్రజాధనం ముడిపడిన ఒప్పందాల్లో కారణాలతో కూడిన అవార్డు కావాలని ప్రభుత్వాలే ముందుగా రాసుకోవడం మంచిదని కూడా ధర్మాసనం సూచించింది. 1996 చట్టం ఈ స్థితిని తలకిందులు చేసింది. 31వ సెక్షన్ ప్రకారం కారణాలు తప్పనిసరి. వద్దని ఉభయపక్షాలూ ఒప్పుకున్నప్పుడు, లేదా రాజీ మీద అవార్డు ఇచ్చినప్పుడు మాత్రమే మినహాయింపు.

కారణాలు ఏ మేరకు ఉండాలన్న ప్రశ్నకు డైనా టెక్నాలజీస్, క్రాంప్టన్ గ్రీవ్స్ కేసులో 2019 డిసెంబరు 18న సుప్రీంకోర్టు సమాధానమిచ్చింది. ధర్మాసనానికి నాయకత్వం వహించినది కృష్ణా జిల్లా పొన్నవరంలో జన్మించిన జస్టిస్ ఎన్.వి. రమణ. ఆక్వా చెరువుల నిర్మాణ పనిని అర్ధంతరంగా రద్దు చేయగా వచ్చిన వివాదమది. అందులోనూ యంత్రాలు పనిలేక నిలిచిన నష్టమే ప్రధానం. అవార్డు వెలువడినది 1998లో. వాదనలు, వాస్తవాలు, తర్కం వేటికవి విడివిడిగా లేక కలగాపులగమయ్యాయని, అవార్డు అర్థం కాకుండా ఉందని న్యాయస్థానం తేల్చింది. కారణాలు సముచితంగా, అర్థమయ్యేలా, సరిపడా ఉండాలన్నది అది నిర్దేశించిన కొలత. వివాదం ఎంత చిక్కుగా ఉంటే వివరణ అంత విపులంగా ఉండాలి. ఎన్నో ఏళ్లు గడిచిపోయాయని గమనించి, చివరకు 30 లక్షల రూపాయలు చెల్లించి ఆ అంశాన్ని ముగించమని కోర్టే ఆదేశించింది. రాతలోని లోపానికి ఇరవై ఏళ్లకు పైగా మూల్యం చెల్లించినవారు కక్షిదారులు, రాసినవారు కారు.

కోంటా దారి ఉదాహరణకు వస్తే, "ఇరుపక్షాల వాదనలు విన్నాము, కాంట్రాక్టర్‌కు నష్టం జరిగిందని భావిస్తున్నాము" అనే వాక్యం కారణం కాదు. తేల్చవలసిన ప్రశ్నలను ముందు విడదీయాలి. స్థలం ఎప్పుడు అప్పగించారు? యంత్రం నిజంగా అక్కడ ఉందా? ఆలస్యానికి పరిహారం ఉండదని ఒప్పందంలో షరతు ఏమైనా ఉందా? ఒక్కో ప్రశ్న కింద కాంట్రాక్టర్ మాట, శాఖ మాట, వాటికి ఆధారాలు, ఆ పైన నిర్ణేత ఎవరిని ఎందుకు నమ్మారో రాయాలి. కాంట్రాక్టర్ 90 రోజులు అడిగాడు. స్థలం అప్పగింత 52 రోజులు ఆలస్యమైనట్లు సైట్ రిజిస్టర్ చెబుతోంది. అందులో 20 రోజులు వానల వల్ల పని సాగదని ఒప్పందమే ముందుగా అంగీకరించింది. మిగిలినవి 32 రోజులు. రుజువైన అద్దె రోజుకు 9,000 రూపాయలైతే పరిహారం 2,88,000 రూపాయలు. అడిగిన మిగతా 58 రోజులు ఎందుకు తగ్గాయో కూడా చెప్పాలి. చదివే అకౌంటెంటు సైతం ఆ అంకెను తిరిగి కట్టగలగాలి. ఓడిన పక్షం లేవనెత్తిన ముఖ్యమైన అభ్యంతరానికి జవాబు లేకపోతే, ఎంత పొడవైన అవార్డైనా కుంటుతుంది. ఈ పని భాషా పాండిత్యం కోరదు, ఓపిక కోరుతుంది.

రాసిన తరువాత సరిదిద్దుకునే అవకాశం పరిమితమే. ఐ-పే క్లియరింగ్ సర్వీసెస్, ఐసీఐసీఐ బ్యాంకు కేసులో జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి, జస్టిస్ హృషీకేశ్ రాయ్ 2022 జనవరిలో ఒక భేదాన్ని స్పష్టం చేశారు. నిర్ధారణ ఉండి దాని కారణాల్లో ఖాళీ ఉంటే, పూరించేందుకు కోర్టు ఆ అవార్డును ఆర్బిట్రేటర్‌కు తిరిగి పంపవచ్చు. కీలకమైన అంశంపై అసలు నిర్ధారణే చేయకపోతే ఆ వెసులుబాటు లేదు.

ఇక లాంఛనాలు. 1996 చట్టం కింద ఇచ్చే అవార్డు లిఖితపూర్వకంగా ఉండాలి, సంతకాలు కావాలి. ముగ్గురిలో ఒకరు సంతకం చేయకుంటే కారణం చూపి మిగతా ఇద్దరి సంతకాలతో ఇవ్వవచ్చు. తేదీ, ఆర్బిట్రేషన్ స్థలం నమోదు చేసి, సంతకం చేసిన ప్రతిని ప్రతి పక్షానికీ అందజేయాలి. దేశీయ వివాదాల్లో వాద ప్రతివాద పత్రాలు పూర్తయిన నాటినుంచి 12 నెలలలోగా అవార్డు రావాలి. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మరో 6 నెలలు పొడిగించవచ్చు. లెక్కల్లో, టైపులో దొర్లిన తప్పుల సవరణకు అవార్డు అందిన 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. కొట్టివేయాలని కోరేవారికి గడువు 3 నెలలు. తగిన కారణం చూపితే కోర్టు మరో 30 రోజులు అనుమతించవచ్చు, ఆపైన లేదు.