కూపు అనగా నేమి?

మదనపల్లె నుండి అంగళ్లు మీదుగా హార్స్లీ కొండకు పోవు దారిలో గుట్టలపై కురచ చెట్లు కనిపించును. కొన్నింటికి ఒకే మోడు నుండి నాలుగైదు కాండములు లేచి యుండును. గొడ్డలి పడి మరల చిగిర్చిన చెట్టునకు అది గుర్తు. వెనుకటి అటవీశాఖలో ఆ గొడ్డలికి ఒక లెక్క యుండెడిది. ఆ లెక్కలోని మాటయే కూపు.

కూపు అనగానే సంస్కృతపు కూపము, అనగా బావి, తోచుట సహజము. వీనికి చుట్టరికము లేదు. ఇది ఫ్రెంచి మాట. ఆ భాషలో 'కూపే' యనిన నరకుట, 'కూప్' అనిన నరకుడు, నరికిన చోటు కూడ. ఇంకను వెనుకకు పోయినచో గ్రీకు 'కొలఫోస్' తగులును. దాని యర్థము చెంపదెబ్బ! చించి యిచ్చు కూపను దీనికి తోబుట్టువు. రైలులోని కూపే కూడ అంతే, కోసి కురచ చేసిన గది.

ఇంగ్లీషువారి పాలనలో ఫ్రెంచి మాట ఎట్లు వచ్చినది? 1856లో మద్రాసు రాయపురము నుండి రైలు కదలినది. ఆనాటి ఇంజనులకు కట్టెలే ఆహారము. ఆ యేడే క్లెగ్హార్న్ మద్రాసు అడవులకు సంరక్షకుడయ్యెను. అడవిశాస్త్రము నేర్పు బడి అప్పట్లో ఇంగ్లండులో లేదు. కడప కలెక్టరు హార్స్లీ ఈ కొండపై ఇల్లు కట్టుకొన్న 1860వ దశకముననే, మన అటవీశాఖకు ఎన్నుకొన్న యువకులను ఫ్రాన్సులోని నాన్సీ పాఠశాలకు, జర్మనీకి పంపసాగిరి. మాట వారి వెంటనే వచ్చియుండును. 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది.

లెక్క యిది. కట్టె ఎదుగుటకు 30 ఏండ్లు పట్టుననుకొందము. అడవిని 30 ముక్కలు చేసి ఏటికొక ముక్కను నరికినచో, కడపటిది ముగియునప్పటికి మొదటిది మరల ఎదిగియుండును. ఆ యేటి ముక్క ఆ యేటి కూపు. మోడును నేలకు దగ్గరగా, నీరు నిలువకుండ ఏటవాలుగా కొట్టవలెను. వేళ్లు పాతవే కావున చిగురు విత్తుమొలక కంటె వేగముగా సాగును. చిరుమాను, కానుగ, జామాయిలు ఇట్లు బాగుగా చిగిర్చును. సరుగుడు అంతగా చిగుర్చదు, దానిని మరల నాటుకొనవలసినదే.

వేలము పాడిన గుత్తదారునకు మాత్రము కూపనిన నరకుడే. తక్కిన 29 ఏండ్లతో అతనికి పనిలేదు. అవి గొర్రెలకాపరి నెత్తిన పడినవి. లేతచిగురు మేకనోటికి అందనంత ఎదుగువరకు, అనగా కొన్నేండ్లు, నరికిన ముక్కలోనికి మందను తోలరాదు. కాపలా లేనిచోట మంద చొరబడెడిది. పదేపదే కొరికిన మోడు గుబురుగా గిడసబారి, లెక్క ప్రకారము దాని వంతు వచ్చునాటికి కట్టెకు పనికిరాకపోయెడిది.