త్యాగయ్య సన్నిధిని నిలిపిన తల్లి



నంద్యాల నుండి ఆళ్లగడ్డ మీదుగా అహోబిలానికి సాగే యాత్రికులకు ప్రహ్లాద చరిత్ర కొత్త కాదు. స్తంభాన్ని చీల్చుకొని స్వామి వెలసినది ఆ నల్లమల కొండలలోనే అని పెద్దల విశ్వాసం. ఆ భక్తుని కథను ‘ప్రహ్లాద భక్తి విజయము’ అను గేయనాటకంగా తెలుగున రచించినవారు శ్రీ త్యాగరాజస్వామివారు. ఆ మహనీయుని సమాధిని ఉద్ధరించిన బెంగుళూరు నాగరత్నమ్మగారిని నేడు స్మరించుకొందాము.

ఆమె 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబాన జన్మించారు. సంగీతంలోను, సంస్కృతాంధ్రములలోను పాండిత్యం గడించి, మదరాసులో కచ్చేరీలు చేసి కీర్తిధనములు ఆర్జించారు. ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనము’ను 1910లో పరిష్కరించి ప్రకటించగా, ఆంగ్ల ప్రభుత్వం ఆ గ్రంథాన్ని నిషేధించింది. ఆమె వెనుదీయలేదు.

త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు. తిరువయ్యారులో కావేరీతీరాన గల ఆయన సమాధి కాలక్రమాన ఆదరణ లేక శిథిలమైంది. ఆ సంగతి విని నాగరత్నమ్మగారి హృదయం ద్రవించింది. తమ స్వార్జితాన్ని వెచ్చించి, 1921లో ఆలయానికి శంకుస్థాపన చేయించి, 1925లో కుంభాభిషేకం జరిపించారు.

కాని విధి ఎంత విచిత్రమైనదో గమనించండి! ఆలయం కట్టించిన ఆ తల్లికే ఆరాధనలో పాడే అవకాశం లేకపోయింది. నాటి ఉత్సవ నిర్వాహకులు స్త్రీల గానాన్ని అంగీకరింపలేదు. ఆమె అలిగి తలుపులు మూయలేదు, పాటనూ మానలేదు. 1927లో స్త్రీలను సమీకరించి వేరుగా ఆరాధన ప్రారంభించారు. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ ఏకమైనప్పుడు స్త్రీల గానానికీ అందులో చోటు లభించింది.

హరినామం పలుకవద్దని తండ్రి శాసించినా ప్రహ్లాదుడు నామాన్ని విడువలేదు, తండ్రిని ద్వేషింపలేదు. నాగరత్నమ్మగారి నడవడి ఆ బాటలోనిదే కదా!

1952 మే 19న ఆమె పరమపదించారు. తమ ఆస్తిని వీలునామా ద్వారా త్యాగరాజ సేవకే అర్పించారు. ఆమె సమాధి నేటికీ స్వామి సన్నిధికి ఎదురుగానే ఉన్నది.

ఆళ్లగడ్డ శిల్పుల ఉలి తాకిడికి రాయి దైవరూపం దాల్చడం మనమెరుగుదుము. ఆ ఉలికి పని కల్పించే దాత చేయి కూడ పూజనీయమే. అయితే ధనమిచ్చుట దానంలో సగపాలు మాత్రమే. ఇచ్చినదానిపై ‘నాది’ అను మాట విడుచుట తక్కిన సగము. ఆ రెండూ నెరవేర్చిన తల్లిని తలచుకొని, మన ఆలయాలలో పాడవచ్చిన ఏ కంఠాన్నీ వెనుకకు పంపకుందుముగాక!

శుభం భూయాత్.