డిక్కీలో దాగిన వరస

హైదర్‌గూడ నుంచి చిక్కడపల్లి మీదుగా క్రాస్‌రోడ్స్‌కి వెళ్లే కొన్ని కార్లలో పాట కన్నా ముందు డిక్కీ రేకు అదురు వినిపిస్తుంది.

అమెరికాలో 1930లో మోటరోలా కారు రేడియో వచ్చింది. 1963లో ఫిలిప్స్ క్యాసెట్. 1983లో మారుతి 800 వచ్చాక మన మధ్యతరగతి ఇళ్లకీ కార్లొచ్చాయి. స్పీకర్లకి, ఆంప్‌లకి కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది.

కంపెనీ స్టీరియోలో బేస్ ఎందుకుండదు? లెక్క చిన్నదే. ఇంజన్ నడుస్తుంటే దొరికేది దాదాపు 14 వోల్టులు. 4 ఓమ్‌ల స్పీకర్‌కి అందులోంచి శుభ్రంగా వచ్చేది పాతిక వాట్లు, అంతే. విడి ఆంప్ ఆ వోల్టేజీని తన లోపలే పెంచుకుంటుంది. అందుకే బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగాలి, దాని మొదట్లోనే ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు ఎగ్గొట్టేవాళ్లంటే నాకు భయం. వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలిందంటే నిప్పే.

ఇంత తంటా దేనికంటే, ఇళయరాజా కోసం అంటాను. 'గీతాంజలి' (1989) పాటల్లో బేస్ గిటార్ తాళం కొట్టి ఊరుకోదు, తన వరస తను పాడుకుంటుంది. ఆ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్. డోర్‌లోని చిన్న స్పీకర్ అంత కిందికి దిగలేదు. క్యాసెట్లతో పెరిగిన మనం ఆ పాటల్ని సగమే విన్నాం.

షాపుల్లో డెమోకి మాత్రం దబదబలే పెడతారు, గెయిన్ చివరిదాకా తిప్పి. గెయిన్ వాల్యూమ్ కాదు బాబూ, స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కి ఆంప్‌ని కుదిర్చే నాబ్. కాస్త తగ్గిస్తే అదురు పోయి గిటార్ మిగులుతుంది.