చెన్నై మార్గళి సంగీతోత్సవం: సభలు, కచేరీలు, శ్రోతలు

కర్ణాటక సంగీతాన్ని వేదిక ముందు కూర్చుని వినదలచినవారు ఏడాదిలో ఒక్కసారి వెళ్లాల్సిన నగరం చెన్నై. డిసెంబరు నడుమ మొదలై జనవరి నడుమ ముగిసే మార్గళి మాసంలో అక్కడి పదుల కొద్దీ వేదికలపై ఉదయం నుంచి రాత్రి వరకు కచేరీలు, భరతనాట్య ప్రదర్శనలు సాగుతాయి. తెలుగునాట ధనుర్మాసంగా పాటించే కాలం ఇదే. 2017లో యునెస్కో తన సృజనాత్మక నగరాల జాబితాలో సంగీత విభాగం కింద చెన్నైని చేర్చింది.

ఉత్సవం పుట్టుక

1927 డిసెంబరులో మద్రాసులో భారత జాతీయ కాంగ్రెస్ మహాసభ జరిగింది. దానితోపాటు అఖిల భారత సంగీత సదస్సును నిర్వహించారు. ఆ సదస్సు తీర్మానం మేరకు 1928లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. అకాడమీ వార్షిక సదస్సును డిసెంబరులో జరపడం ఆనవాయితీ అయ్యాక, ఇతర సభలూ అదే నెలను ఎంచుకున్నాయి. అకాడమీ ఇచ్చే ‘సంగీత కళానిధి’ బిరుదును ఈ రంగంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటిగా భావిస్తారు. ద్వారం వెంకటస్వామి నాయుడు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, శ్రీపాద పినాకపాణి, నేదునూరి కృష్ణమూర్తి ఆ గౌరవం పొందిన తెలుగువారిలో ఉన్నారు.

సభల వ్యవస్థ

ఈ ఉత్సవానికి ఒకే నిర్వాహకుడు లేరు. సభ్యుల చందాలు, దాతల విరాళాలు, టికెట్ల రాబడితో నడిచే ‘సభ’లు ఎవరి కార్యక్రమాన్ని వారే రూపొందించుకుంటాయి. తిరువల్లిక్కేణిలోని పార్థసారథి స్వామి సభ 1900లోనే ఏర్పడింది. మైలాపూరులో రసిక రంజని సభ, ఆళ్వారుపేటలో నారద గాన సభ, త్యాగరాయనగర్‌లో కృష్ణ గాన సభ ప్రసిద్ధమైనవి. మైలాపూరు చుట్టుపక్కల పలు వేదికలు దగ్గర దగ్గరగా ఉండడంతో ఒకే రోజు రెండు మూడు సభలకు వెళ్లే శ్రోతలు ఎక్కువ. వారి చేతిలో కచేరీల పట్టిక ఉంటుంది. సభల క్యాంటీన్లలో దొరికే టిఫిన్లు, ఫిల్టర్ కాఫీ కూడా ఈ ఉత్సవంలో భాగమే.

ఒక రోజు సాగే తీరు

తెల్లవారుజామున మైలాపూరు కపాలీశ్వరాలయ మాడవీధుల్లో భజన బృందాలు పాడుతూ సాగుతాయి. ఉదయం అకాడమీలోనూ మరికొన్ని చోట్లా సోదాహరణ ప్రసంగాలు ఉంటాయి. మధ్యాహ్నం యువ కళాకారులు పాడతారు. చాలా సభల్లో ఈ కచేరీలకు ప్రవేశం ఉచితం. సాయంత్రం నాలుగు ప్రాంతంలో కొంత పేరు తెచ్చుకున్నవారు, ఆ తర్వాత అగ్రశ్రేణి విద్వాంసులు వేదికనెక్కుతారు.

కచేరీ క్రమం చాలావరకు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరచినదే. వర్ణంతో మొదలై, కృతుల మీదుగా విస్తారమైన ప్రధానాంశానికి చేరుతుంది. దాని వెంట మృదంగ, ఘట విద్వాంసుల తని ఆవర్తనం ఉంటుంది. చివర పదాలు, జావళీలు, భజనలు, మంగళం. వ్యవధి ఉంటే రాగం, తానం, పల్లవి కూడా వినవచ్చు. తని ఆవర్తనం మొదలుకాగానే కొందరు శ్రోతలు లేచి క్యాంటీనుకు దారితీయడం పక్కవాద్య కళాకారులను చాలాకాలంగా బాధిస్తున్న అలవాటు.

తెలుగు పాట, తమిళ నగరం

త్యాగరాజు, శ్యామశాస్త్రి కృతుల్లో అత్యధికం తెలుగులోనే ఉన్నాయి. క్షేత్రయ్య పదాలూ తెలుగే. అందుచేత తెలుగు శ్రోతకు ఇక్కడ సాహిత్యం నేరుగా అర్థమవుతుంది. గాయకులు చాలామంది ఆ సాహిత్యాన్ని తమిళ లిపిలో రాసుకుని నేర్చుకుంటారు. తమిళంలో క, గ వంటి ధ్వనులకు ఒకే అక్షరం ఉన్నందున, కృతుల పుస్తకాల్లో అక్షరాల పక్కన అంకెలు వేసి ఉచ్చారణ భేదాన్ని సూచిస్తారు. అయినా పదాలను తప్పు చోట విరిచి పాడుతున్నారన్న ఫిర్యాదు తెలుగు శ్రోతల నుంచి వినిపిస్తూనే ఉంటుంది.

దీనికి మరో కోణం ఉంది. తమిళుల నగరంలో తమిళ పాటలు కచేరీ చివరకే పరిమితమవుతున్నాయన్న ఆవేదన నుంచి తమిళ ఇసై ఉద్యమం పుట్టింది. 1943లో ఏర్పడిన తమిళ ఇసై సంఘం తమిళ కీర్తనలకు ప్రత్యేక వేదిక కల్పించింది. ఇప్పుడు తమిళ పాటలు కచేరీ నడుమ కూడా వినిపిస్తున్నాయి.

వేదిక ఎవరిది?

శ్రోతలూ కళాకారులూ ప్రధానంగా ఒకే సామాజిక వర్గానికి చెందినవారన్నది ఉత్సవంపై ఉన్న ప్రధాన విమర్శ. ఈ అంశాన్ని బలంగా లేవనెత్తిన గాయకుడు టీఎం కృష్ణ డిసెంబరు కచేరీల నుంచి తప్పుకుంటున్నట్లు 2015లో ప్రకటించారు. బీసెంట్‌నగర్ సమీపంలోని మత్స్యకార వాడలో మొదలైన ఊరూర్ ఆల్కాట్ కుప్పం విళా కర్ణాటక సంగీతాన్ని పరై, గానా వంటి జనకళల పక్కన నిలిపింది. 2024లో అకాడమీ కృష్ణకు సంగీత కళానిధి ప్రకటించినప్పుడు సంగీతలోకం రెండుగా చీలి వాదించుకుంది.

అంతగా చర్చకు రాని సమస్య మధ్యాహ్న కచేరీలది. ఏళ్ల తరబడి సాధన చేసిన యువకులు సగానికి పైగా ఖాళీగా ఉన్న హాళ్లలో పాడుతున్నారు. దక్కే పారితోషికం స్వల్పం. వేదిక కోసం కళాకారులే విరాళం ఇవ్వాల్సి వస్తోందన్న ఆరోపణలూ ఉన్నాయి. అయినా సాయంత్రపు వేదికకు దారి ఆ మధ్యాహ్నాల మీదుగానే వెళ్తుంది.

తొలిసారి వెళ్లేవారికి

ప్రముఖుల కచేరీల టికెట్లు త్వరగా అయిపోతాయి, ముందే చూసుకోవాలి. టికెట్ దొరకకపోతే వెనుదిరగనవసరం లేదు. మధ్యాహ్నం ఏదో ఒక సభలోకి వెళ్లి ముందు వరుసలో కూర్చోవచ్చు. పాట నడుమ లేవకుండా, తని ఆవర్తనం ముగిసేదాకా వినడం అక్కడ పాటించాల్సిన మర్యాద. భాష తెలిసిన ఒక్క శ్రోత ఎదుట ఉన్నా తెలుగు కృతి పాడుతున్న యువ గాయకుడికి అది పెద్ద ఊతం.