వాకిటి కావలి: బురుజు మొదలు కెమెరా వరకు

జగిత్యాల కోట 1747లో కట్టబడినదని ప్రసిద్ధి. ఎలగందుల పాలకుడు ఇబ్రహీం ఖాన్ ధంసా దీనిని కట్టించినాడనీ, పని నడిపిన ఫ్రెంచి ఇంజనీర్లు జాక్, తాల్ అనేవారి పేర్ల మీదుగానే ఊరికి ఆ పేరు వచ్చినదనీ స్థానికులు చెప్పుకుంటారు. పేరు సంగతి భాషావేత్తలకు విడిచి, కోట ఆకారాన్ని పరిశీలిస్తే ఒక విశేషం కనబడుతుంది. ఎలగందుల వంటి పాత దుర్గాలు కొండలెక్కి కూర్చున్నవి. జగిత్యాల కోట చదునైన నేల మీద, చుట్టూ కందకంతో, నక్షత్రాకారంలో ఉన్నది.

ఈ ఆకారం అందం కొరకు కాదు. గుండ్రని బురుజు మీద నిలిచిన కావలివానికి దూరాన ఉన్న పొలాలు చక్కగా కనబడతాయి గాని, బురుజు పాదంలో నక్కినవాడు కనబడడు. ఎంత ముందుకు వంగినా గోడ కడుపు అడ్డం వస్తుంది. ఫిరంగుల బలం పెరిగిన తరువాత 15, 16 శతాబ్దాలలో ఇటలీ శిల్పులు, వారి వెనుక ఫ్రెంచివారు, బురుజులను కోణాకారంగా కట్టడం మొదలుపెట్టినారు. ఒక కొన పాదంలో ఏమి జరుగుతున్నదో పక్క కొన మీద ఉన్నవానికి కనబడవలెను. పక్క కొన పాదం ఇతనికి కనబడవలెను. తన కాళ్ల కింద ఏమున్నదో ఎవడూ తానుగా చూచుకోలేడు, పొరుగువాడే చూడవలెను అన్న సూత్రం మీద ఆ కోటలన్నీ లేచినవి. నేడు ఇంటి గోడకు కెమెరా బిగించేవారిలో చాలామంది చేసే మొదటి పొరపాటు ఈ గుండ్రని బురుజు పొరపాటే. దర్వాజ పైన నడిమధ్యన ఒక కెమెరా పెట్టి వీధి చివరి వరకు కనబడుతున్నదని సంతోషిస్తారు. సరిగ్గా దాని కిందనే గోడకు ఆనుకొని వచ్చినవాడు దానికి కనబడడు. ఇంటి రెండు మూలల నుంచి ఒకదానినొకటి చూచుకొనే రెండు చిన్న కెమెరాలు మధ్యలో ఉన్న ఒక ఖరీదైన కెమెరా కంటె మేలు.

కోట రాజుది. పల్లెకు మట్టి బురుజు, చేనుకు మంచె, ఊరికి తలారి ఉండేవి. పట్టణాల వీధులలో గూర్ఖా కావలివారు రాత్రులు లాఠీ తాటిస్తూ, ఈల వేస్తూ తిరిగేవారు. ఆ ఈల ఇంటివారికి ఎంత ధైర్యమో దొంగకూ అంత ఉపకారమే, కావలివాడు ఏ సందులో ఉన్నాడో దానివల్లనే తెలిసేది. అయినా ఈ కావళ్లన్నిటిలో ఒక సుగుణం ఉన్నది. చూచేవాడెవరో ఊరికి తెలుసు. అతడు చూచినది అతని జ్ఞాపకంలో తప్ప మరెక్కడా నిలువదు.

మనిషి కన్నుకు బదులు యంత్రపు కన్ను రావడానికి బీజం 1873లో పడినది. విలోబీ స్మిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు సముద్రగర్భంలో వేసే తంతి తీగల పరీక్ష కొరకు సెలీనియం కడ్డీలను వాడుతూ, వాటి మీద వెలుతురు పడినప్పుడు విద్యుత్ నిరోధం తగ్గుతున్నదని ప్రకటించినాడు. వెలుతురులోని హెచ్చుతగ్గులను విద్యుత్తులోని హెచ్చుతగ్గులుగా మార్చవచ్చునని తెలిసిన తరువాత, దృశ్యాన్ని తీగ వెంట పంపడం కేవలం కాలప్రశ్న అయినది. ప్రసారం కొరకు గాక, ఒకచోట కనిపెట్టి చూడడం కొరకు టెలివిజన్‌ను వాడిన తొలి ఉదాహరణలలో ఒకటి యుద్ధానిది. 1942లో జర్మనీలోని పేనెముండెలో వి-2 రాకెట్లను పరీక్షించేటప్పుడు, పేలుడుకు దూరంగా కూర్చుని చూడడానికి వాల్టర్ బ్రూఖ్ ఒక కెమెరా ఏర్పాటును సిద్ధం చేసినాడు. తీగ దాటి ఎవరికీ అందని ప్రసారం గనుక దీనికి మూసిన వలయపు టెలివిజన్ అని పేరు. సీసీటీవీ అని అందరూ అనేది దీనినే.

ఇంటి వాకిలికి దానిని తెచ్చినది మాత్రం శాస్త్రవేత్త కాదు, ఒక నర్సు. న్యూయార్కు నగరం క్వీన్స్ ప్రాంతంలో నివసించే మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ వేళాపాళా లేని ఉద్యోగం చేసేది. ఆమె భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ పనివాడు. అతడూ చాలా రాత్రులు ఇంట ఉండేవాడు కాదు. తలుపు తట్టినది ఎవరో తలుపు తీయకుండా తెలియవలెనన్నది ఆమె అవసరం. తలుపుకు వేర్వేరు ఎత్తులలో నాలుగు రంధ్రాలు, వాటి వెనుక పైకి కిందికి జరిగే కెమెరా, పడకగదిలో దృశ్యం చూపే తెర, బయటివానితో మాట్లాడే సాధనం, మీట నొక్కితే తలుపు తెరుచుకొనే ఏర్పాటు, ఆపదలో పిలుపు పంపే ఏర్పాటు, ఇన్నీ ఆమె ఊహలో ఉన్నవి. దంపతులు 1966 ఆగస్టులో దరఖాస్తు పెట్టగా 1969 డిసెంబరు 2న పేటెంటు లభించినది. నేటి వాకిటి కెమెరాల పెట్టె మీద అచ్చువేసే గుణాలలో సగం ఆ కాగితంలో ఉన్నవే. పొడుగువారిని, పొట్టివారిని, పిల్లలను కూడా ముఖానికి ఎదురుగా చూడవలెనన్న ఆ నాలుగు రంధ్రాల ఆలోచనను మాత్రం తరువాతివారు మరచినారు. నేడు కెమెరాను చూరుకు అంటించి పైనుంచి నడినెత్తిని మాత్రమే చిత్రించుకుంటున్నారు.

అదే 1969లో బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే ఇద్దరు, వెలుతురు పడినచోట విద్యుదావేశాన్ని కూడబెట్టి వరుసగా బయటకు చేరవేసే సిలికాన్ పలకను కనిపెట్టినారు. వారికి 2009లో నోబెల్ బహుమతి దక్కినది. గాజు గొట్టపు కెమెరా గోరంత పలకగా మారినది. 1990లలో అమెరికా అంతరిక్ష పరిశోధకుల కొరకు ఎరిక్ ఫోసమ్ బృందం తయారుచేసిన మరొక రకపు పలక ఇంకా చౌక; జేబులో ఉన్న ఫోనులోనూ, వాకిటి కెమెరాలోనూ నేడు ఉండేది ఆ జాతిదే. 1996లో స్వీడన్‌కు చెందిన ఆక్సిస్ సంస్థ కెమెరాను నేరుగా కంప్యూటరు వలకు తగిలించినది. నాటితో మూసిన వలయం తెరుచుకున్నది.

తెలుగునాట ఈ కెమెరా మొదట బ్యాంకులకు, నగల దుకాణాలకు వచ్చినది. 2013 ఫిబ్రవరి 21న హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన పేలుళ్ల తరువాత, అదే సంవత్సరం ప్రజాభద్రత చట్టం వచ్చినది. ఒకేసారి 100 మంది గాని, రోజుకు 500 మంది గాని వచ్చే స్థలాలలో కెమెరాలు ఉంచి, దృశ్యాలను 30 రోజులు భద్రపరచవలెనని దాని నిబంధన. తెలంగాణ ఏర్పడిన తరువాత పోలీసు శాఖ ‘నేను సైతం’ అనే పేరుతో వీధివారి చేతనే కెమెరాలు పెట్టించినది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లకు అది చేరడానికి మరొక కారణం కూడా కలదు. ఈ ప్రాంతం నుంచి దుబాయి, కువైటు, సౌదీ దేశాలకు పనికి పోయినవారి ఇళ్లు వేలలో ఉన్నవి. ఇంట మిగిలినది వృద్ధులు, స్త్రీలు, పిల్లలు. కొత్త ఇంటి గేటుకు ఒక కెమెరా పెట్టిస్తే రాత్రి పని ముగించుకున్న కొడుకు అక్కడి నుంచే తన వాకిలిని చూచుకోగలడు. ఈ చూపులో ప్రేమ ఎంత, అనుమానం ఎంత అన్నది ఏ యంత్రమూ కొలువలేదు.

ఇక కొనేటప్పుడు ఏది చూడవలెను? దుకాణదారుడు ముందుగా చెప్పేది మెగాపిక్సెళ్ల సంఖ్య. అది సగం నిజం. చిత్రం అడ్డంగా 1920 బిందువులు గలదనుకుందాం. తెలియనివాని ముఖం గుర్తుపట్టాలంటే ఒక మీటరు వెడల్పుకు 250 బిందువులు ఉండవలెనని అంతర్జాతీయ ప్రమాణం. 1920ని 250తో భాగిస్తే 7.68 మీటర్లు. అనగా కెమెరా చూచే వెడల్పు అంతకు మించితే ముఖం గుర్తుపట్టలేము. గ్రాహక పలక వెడల్పు 4.8 మిల్లీమీటర్లు, కటకపు నాభ్యంతరం 4 మిల్లీమీటర్లు అయితే, కనబడే వెడల్పు దూరానికి 1.2 రెట్లు ఉంటుంది. కాబట్టి ముఖం తెలిసే దూరం 6.4 మీటర్లు మాత్రమే. ఇంకా విశాలంగా చూపే 2.8 మిల్లీమీటర్ల కటకంతో ఇది సుమారు 4.5 మీటర్లకు తగ్గుతుంది. 8 మిల్లీమీటర్లదానితో 12.8 మీటర్లకు పెరుగుతుంది గాని దృశ్యం ఇరుకవుతుంది. మనిషి ఉన్నాడో లేడో తెలిస్తే చాలుననుకుంటే మీటరుకు 25 బిందువులు చాలును. అప్పుడు 4 మిల్లీమీటర్ల కటకం 64 మీటర్ల వరకు పనిచేస్తుంది. ‘ఎవరో ఉన్నారు’ అనడానికీ ‘ఫలానా వాడు’ అనడానికీ పదిరెట్ల తేడా ఉన్నది. ఈ లెక్కను విద్యార్థులు కొలబద్దతో, కాగితం మీద గీసిన సరూప త్రిభుజాలతో సరిచూచుకోవచ్చును.

రాత్రివేళ కెమెరా తన చుట్టూ ఉన్న చిన్న దీపాల నుంచి పరారుణ కిరణాలను వెదజల్లి, తిరిగి వచ్చినవాటితో చిత్రం తీస్తుంది. 850 నానోమీటర్ల దీపం సన్నని ఎర్రని మెరుపుగా కంటికి తెలుస్తుంది. 940 నానోమీటర్లది తెలియదు, దాని చూపు దూరమూ తక్కువే. ఈ చిత్రానికి రంగు లేదు. పగలు నల్లగా ఉన్న చొక్కా పరారుణంలో తెల్లగా కనబడడం కద్దు. అందుచేత రాత్రి చిత్రాన్ని బట్టి బట్టల రంగు చెప్పే సాక్షిని సంశయించవలసినదే. వానాకాలంలో పురుగులు, వాటి కొరకు అల్లిన సాలెగూడు ఈ కిరణాలను కటకంలోకే తిప్పికొట్టి చిత్రాన్ని తెల్లని పొగ చేస్తాయి. వారానికొకసారి గుడ్డతో తుడవడమే దీనికి విరుగుడు.

బ్యాటరీ మీద నడిచే కెమెరాల సంగతి వేరు. అవి నిరంతరం చూడవు. ఒంటి వేడిమి నుంచి వచ్చే, సుమారు 9.3 మైక్రోమీటర్ల వద్ద ఎక్కువగా ఉండే కిరణాలను ఒక స్ఫటికం పసికట్టి కెమెరాను నిద్రలేపుతుంది. అయితే ఆ స్ఫటికం కొలిచేది వేడిని కాదు, వేడిలోని తేడాను. చలికాలపు రాత్రి గోడ 15 డిగ్రీలు, మనిషి చర్మం 33 డిగ్రీలు ఉంటే తేడా స్పష్టం. మే నెలలో 45 డిగ్రీలు దాటిన పగలు జగిత్యాల జిల్లాకు కొత్త కాదు. అట్టి రోజున ఎండకు కాగిన సిమెంటు గోడ రాత్రి చాలాసేపటి వరకు ఒంటి వేడిమికి దగ్గరగానే ఉంటుంది. మనిషి దాని ముందు నడిచినా స్ఫటికానికి తేడా అందదు. ఉక్కకు తాళలేక ఇంటివారు డాబా మీద పడుకొని, కింద గదులు ఖాళీగా ఉండే రాత్రులు సరిగ్గా అవే. అట్టి కెమెరా కొన్నవారు వేసవిలో ఒకసారి తామే వాకిట నడిచి, అది మేలుకొంటున్నదో లేదో చూచుకోవలెను.

స్థలాన్ని బట్టి మరికొన్ని జాగ్రత్తలు ఉన్నవి. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు పక్కనున్న ఇంటికి వాన కంటె నూలు దుమ్ము బెడద ఎక్కువ. కెమెరా మీద ‘ఐపీ 66’ వంటి గుర్తు ఉంటే అందులో మొదటి 6 దుమ్ముకు, రెండవ 6 నీటి ధాటికి సంబంధించినవి. ఇక్కడ మొదటి అంకె ముఖ్యం. కోరుట్ల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి పక్క ఇళ్లకు లారీ దీపాలే శత్రువులు. వెలుగు నీడలను రెంటినీ సర్దగల కెమెరా కావలెను, లేదా దానిని రోడ్డుకు ఏటవాలుగా తిప్పవలెను. పడమటి గోడ ఎండకు కెమెరా ఆయువు తగ్గుతుంది. దృశ్యాలు దాచడానికి సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రోజుకు 21.6 గిగాబైట్లు, 30 రోజులకు 648 గిగాబైట్లు కావలెను. 64 గిగాబైట్ల చిన్న కార్డులో మూడు రోజులైనా నిండుగా పట్టవు. పెళ్లికి ఊరు వెళ్లి వారానికి వచ్చినవారికి దొంగతనం జరిగిన రోజు దృశ్యం చెరిగిపోయి ఉంటుంది.

తెరుచుకున్న వలయం వల్ల వచ్చిన చిక్కు 2016లో లోకానికి తెలిసినది. మిరాయి అనే దుష్ట కార్యక్రమం, తయారీదారులు పెట్టి పంపిన సంకేతపదాలను యజమానులు మార్చని కెమెరాలలోకి ప్రవేశించి వాటిని తన సైన్యంగా చేసుకున్నది. ఆ సైన్యం దాడి వలన అక్టోబరు 21న అమెరికాలో పేరుమోసిన ఇంటర్నెట్ సేవలెన్నో కొన్ని గంటలపాటు స్తంభించినవి. దానికి కావలసివచ్చినవి అరవై పైచిలుకు సంకేతపదాల జత మాత్రమే. ఊరందరి తాళాలకు ఒకటే చెవి ఉన్నట్లు! మన దేశంలో కెమెరాలకు భద్రతా పరీక్షలను తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2024లో ఇచ్చిన ఉత్తర్వు 2025 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చినది. పరీక్షకు నిలిచిన కెమెరాకైనా సంకేతపదం మార్చే పని ఇంటివారిదే.

చిట్టచివరిది ఎదురింటి సంగతి. ఈ మూడు పట్టణాల వీధులలో పగటిపూట అరుగుల మీద కూర్చుని బీడీలు చుట్టే స్త్రీలు ఎందరో. ఎదురింటి గోడ మీది కెమెరా వారి మాటను, అలసటను, వచ్చిపోయేవారిని రోజంతా నమోదు చేస్తుంది. చూచేవాడు ఎక్కడున్నాడో వారికి తెలియదు. వెనుకటి తలారి విషయంలో ఈ ఇబ్బంది లేదు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. ఒకే ఇంటిలో ఉంటున్న భాగస్వామి అంగీకారం లేకుండా నివాసభాగంలో కెమెరాలు నడపరాదని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పగా, సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. వీధికి అవతలి అరుగు విషయం ఇరుగుపొరుగువారు తేల్చుకోవలసినదిగా మిగిలి ఉన్నది.

చాలా కెమెరాలలో చిత్రంలోని కొంత భాగాన్ని నల్లని పట్టీతో కప్పివేసే వీలున్నది. ఆ భాగం నమోదే కాదు. కాని ఎదురింటివారు తమ అరుగు మీద నుంచి చూస్తే ఆ పట్టీ కనబడదు, కెమెరా కన్ను తమ వైపే తెరిచి ఉన్నట్లు తోస్తుంది. దానిని ఇంటి మూలకు మార్చి, ముఖం కిందికి వంచి, తన గోడ వెంట తన గడప వైపే చూచేట్లు తిప్పితే ఆ సంగతి వారి కంటికే తెలుస్తుంది. ముఖాలు గుర్తుపట్టడానికి కావలసిన ఆరు మీటర్ల దూరమూ అందులోనే కుదురుతుంది.